అయ్య బిగించిన జంట ట్యూబులైటు

సన్యాసిరావు మావ పోయాడని కబురొస్తే పెద్దకర్మ నాటికి ఖిదిర్‌పూర్ వెళ్ళాను. రెండూ కలకత్తాలోనే, భవానీపూర్ నుంచి ఎంత దూరమని, బస్సెక్కితే కునుకు పట్టేలోపే దిగాలి. అయినా అటు వెళ్ళి ఎన్నేళ్ళయిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. భోజనాలు మా తెలుగువాళ్ళ సంఘం హాల్లోనే పెట్టారు. ఓడలాగే డాకు గోడనానుకుని ఉండే ఆ రేకుల హాలుకి ఇప్పుడు శ్లాబు పడింది, గోడలకి పాలరంగు టైల్స్ వచ్చాయి. విస్తరి ముందు కూర్చున్నానన్న మాటే గాని నా చూపంతా పైకప్పు మీదే ఉంది. నేను వెతికేది అక్కడ లేదు. పల్చటి ఎల్ఈడీ పలకలున్నాయి, మూలమూలకీ కెమెరా ఉంది. పక్కన కూర్చున్న మావ కూతురు నా చూపు పసిగట్టి, "నాన్నే పెట్టించినాడు వదినా, వాకిట్లో సెప్పులు పోతన్నాయని" అంది. ఆఖరి దాకా మనిషి బుద్ధి మారలేదన్నమాట అనుకుంటే నవ్వొచ్చింది. కర్మకి వచ్చి నవ్వితే ఏం బాగుంటుందని పులుసన్నంలోకి తల దించేశాను.

ఆయన్ననడానికి నాకు మాత్రం ఏం హక్కుంది! మా ఇంట్లో అనుమానం లేనిదే పూట గడిచేది కాదు. మా నాయనమ్మ శ్రీకాకుళం వైపు సముద్రపొడ్డు నుంచి కొడుకు వెంట కలకత్తా వచ్చి సగం జన్మ ఇక్కడే గడిపింది, కాని ఈ ఊరి తక్కెడని ఒక్కరోజూ నమ్మలేదు. బజారులో తూచి ఇచ్చిన చేపని ఇంటికొచ్చాక అరచేతిలో పెట్టుకుని ఎగరేసి చూసేది. మొప్ప ఎత్తి వాసన చూసి, "నిన్నటిదే ఇది, రంగు పూసీసినాడు సచ్చినోడు" అని తీర్పు చెప్పేసేది. కిరసనాయిల్లో నీళ్ళు కలిపారేమోనని ఒత్తి ముంచి వెలిగించి చూశాకే డబ్బా లోపలికి రానిచ్చేది. ఆవనూనె వాసన ఆమెకి పడదు. పక్కింటి బెంగాలీవాళ్ళు చేప వేయిస్తుంటే కిటికీ ధడాలున మూసి, "మన మీద కోపానికే అటేపు కూసోకుండా ఇటేపు కూసోని ఏపుతన్నాది" అనేది. సాయంత్రమైతే మా క్వార్టర్ల లైను పొడుగునా బొగ్గు పొయ్యిలు రాజేసేవారు, పొగకి ఒకరి ముఖం ఒకరికి కనబడేది కాదు. ఆ పొయ్యిల కోసం బొగ్గుపొడి ముద్దలు చేసి ఎండబెట్టేవాళ్ళం, గుల్ అనేవాళ్ళం వాటిని. అందులో నాలుగు తగ్గాయని ఎవరితోనో ఒకరితో నాయనమ్మకి రోజూ తగువే. ఆ రక్తమే నాలోనూ ఉంది. బస్సులో చిల్లర ఇస్తే మడత విప్పి చూసుకుంటాను, బళ్ళో పాఠాలు చెప్పే రోజుల్లో పిల్లలు కడుపునొప్పి అంటే నాలుక చాపమనేదాన్ని. నాకు అందరి మీదా అనుమానమే, ఒక్క మా అయ్య మీద తప్ప.

అయ్య పేరు అప్పలస్వామి. పోర్టులో క్రేన్ల దగ్గర వైర్‌మన్. ఒంటి నుంచి గ్రీజూ చెమటా కాలిన రబ్బరూ కలిసిన వాసన వచ్చేది. సబ్బుతో ఎంత తోమినా పోయేది కాదు, ఆ వాసన గుమ్మంలోకి వచ్చిందంటే అమ్మ గంజి గిన్నె దించేది. ఆయన గంజి తాగి బీడీ వెలిగించేలోపే ఎవరో ఒకరు వాకిట్లోకి వచ్చేవారు. "అప్పలసామీ, ఫీజు ఎగిరిపోనాదిరా" అని. మా లైన్లలో తెలుగిళ్ళన్నిటికీ వైరింగు చేసింది ఆయనే. కూలి అడిగేవాడు కాదు, టీ ఇస్తే తాగేవాడు. చదువు పెద్దగా లేదు. కరెంటు గురించి ఆయనకైనా, డాకులో ఎవరికైనా తెలిసిన లెక్క రెండే ముక్కలు: ఇంటి కరెంటు రెండొందల ఇరవై వోల్టులు, క్రేను కరెంటు నాలుగొందలు. ఇంటికి వచ్చేది ఒక్క ఫేజు తీగ. క్రేనుకి మూడు ఫేజులు. ఏ రెండు ఫేజుల మధ్యన మీటరు పెట్టినా నాలుగొందల దగ్గర చూపిస్తుంది. కాబట్టి ఇళ్ళల్లో ఎక్కడైనా మూడొందలు దాటి కనబడిందంటే ఎవడో పోర్టు గోడ మీది తీగకి కొక్కెం తగిలించాడన్నమాటే. ఇందులో వేరే ఆలోచన లేదు. ఖిదిర్‌పూర్‌లో డాకు కూడు తిన్నవాడెవడైనా అలాగే అనేవాడు.

హాల్లో సాయంత్రాలు పిల్లలకి తెలుగు అక్షరాలు దిద్దించేవారు. బయట బెంగాలీ, బళ్ళో హిందీ, ఇంట్లో తెలుగు మాట, చేతికి మాత్రం ఏ అక్షరమూ రాదు, అదీ మా పిల్లల పరిస్థితి. అక్కడున్న ఒంటి ట్యూబులైటు వణికేది. దాని కింద పంకా రెక్కలు ఒకసారి ఆగినట్టు, ఒకసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనబడేవి. కళ్ళు లాగుతున్నాయని పిల్లలు గోల పెడితే, అయ్య పాత ఓడసామాన్లు అమ్మే దుకాణంలో వెతికి ఒక జంట ట్యూబుల పెట్టె తెచ్చాడు. తెల్ల ఎనామిల్ పెట్టె, మూత విప్పితే లోపల రెండు చోకులు, ఇనుము మీద చుట్టిన తీగచుట్టలన్నమాట. ఒక ట్యూబుకి చోకు ఒక్కటే. రెండోదానికి చోకుతోపాటు, అదే వరసలో, బిస్కట్ల డబ్బాలాంటి కండెన్సరొకటి. రెండు ట్యూబులూ ఒకేసారి మసకబారకుండా, ఒకటి తగ్గినప్పుడు ఇంకొకటి హెచ్చేట్టు ఆ కండెన్సరు చూసుకుంటుంది, అందుకే వెలుతురు వణకదు. ఇది నేను తరవాత చదువుకుని చెబుతున్న మాట. అయ్యకి ఇదేం తెలీదు. మూత లోపల అంటించిన బొమ్మలో ఎలా ఉంటే అలా బిగించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, నాయనమ్మ మాత్రం "ఓలమ్మో, ఇంత ఎలుతురు ఊరికే ఒస్తాదేటి?" అంది.

అప్పటికి నేను భవానీపూర్‌లో కాలేజీలో చేరాను, ఫిజిక్సు. మా లైన్లో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లని, అందుకని అక్కడ నన్నెవరో ఏదో అనుకుంటున్నారని ఎప్పుడూ ఒక కన్ను వేసి ఉంచేదాన్ని. ఒకరోజు ల్యాబులో తీగచుట్టా, కండెన్సరూ, రెసిస్టెన్సూ ఒక వరసలో కలిపి కరెంటు ఇమ్మన్నారు. ఇచ్చింది పది వోల్టులకి మించదు. చుట్ట మీద మీటరు పెడితే ముల్లు నలభై దాటింది. కండెన్సరు మీద పెడితే అక్కడా అంతే! పది ఇస్తే ఒక్కొక్కటీ నలభై ఎలా చూపిస్తుంది? మీటరు పాడైందనుకోలేదు నేను. బీద పిల్లనని కావాలనే చెడిపోయిన పాత మీటరు నా బల్ల మీద పెట్టారనుకున్నాను. ప్రాక్టికల్స్ చూసే సార్ దగ్గరికి వెళ్ళి ముఖం మీదే అనేశాను. ఆయన కోప్పడలేదు. "శొందేహో భాలో, కింతు ఆబార్ మాపో" అన్నాడు, అనుమానం మంచిదే, కాని మళ్ళీ కొలువు అని. పక్క బల్ల మీది మీటరు తెచ్చి కొలిచాను, ఎదుటి బల్ల మీదిదీ లాక్కొచ్చి కొలిచాను. మూడూ ఒకటే మాట చెప్పాయి.

అప్పుడు ఆయన పక్కన కూర్చుని చెప్పాడు. ఈ కరెంటు ముందుకీ వెనక్కీ ఊగే కరెంటు. ఒకే కరెంటు రెంటిలోంచీ పోతున్నా, చుట్ట ఒకవైపు లాగే క్షణంలో కండెన్సరు సరిగ్గా దానికి ఎదురువైపు లాగుతుంది. రెండూ ఎంత గట్టిగా లాగినా బయటినుంచి కరెంటు ఇచ్చేవాడికి కనబడేది వాటి తేడా మాత్రమే. అందుకే వాటి వోల్టులు మామూలు కూడికలో కూడకూడదు. ఊపు వేగం మార్చే గుండీ ఒకటి ఉంది, దాన్ని మెల్లగా తిప్పుతూ పోతే ఒకచోట రెండు లాగుళ్ళూ సరిసమానమవుతాయి. అప్పుడు బయటివాడు రెసిస్టెన్సుకి సరిపడా ఇస్తే చాలు. కరెంటు బాగా పెరుగుతుంది, ఆ రెండూ తమలో తాము ఇచ్చిపుచ్చుకుంటూ ఉబ్బుతాయి. దాన్నే రెజొనెన్స్ అంటారు. ఎక్కడినుంచీ ఏదీ దొంగిలించలేదు, లోపలిదే అటూ ఇటూ తిరుగుతోంది. నేను తల ఊపాను గాని నమ్మడానికి ఇంకో వారం పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే సన్యాసిరావు మావ చేతికి ఒక మీటరు వచ్చింది. మావ ఓడల్లోంచి సరుకెత్తే వించికి డ్రైవరు, సంఘానికి సెక్రటరీ, అయ్యకి బావ వరస. ఒక ఓడ మనిషి దగ్గర కొన్నాడట, నల్ల పెట్టె, ఎర్ర తీగొకటి నల్ల తీగొకటి, వాటి కొసల్లో లోహపు పుల్లలు. డాక్టర్లు స్టెతస్కోపు వేసుకున్నట్టు మెళ్ళో వేసుకుని లైన్లన్నీ తిరిగాడు. కనబడిన ప్లగ్గులోనల్లా పుల్లలు పెట్టి, "రెండొందల పది. నీ ఇంట్లో పది ఎవుడో తినేస్తన్నాడు సూసుకో" అని ఒక్కో కాపురంలో ఒక్కో చిచ్చు పెట్టి పోయేవాడు. ఒక సాయంత్రం అయ్య హాల్లో స్టార్టరు మార్చడానికి పెట్టె మూత విప్పి, బల్ల మీద నిలబడి ఉన్నాడు, లైటు వెలుగుతోంది. మావ కూడా పక్కన ఇంకో బల్ల ఎక్కి, అడక్కుండానే కండెన్సరు మీద పుల్లలు పెట్టేశాడు. ముల్లు చివరిదాకా వెళ్ళి కొట్టుకుంది. పెద్ద లెక్కకి మార్చి మళ్ళీ పెట్టాడు. మూడొందల యాభై దాటింది.

"ఏట్రా ఇది అప్పలసామీ?" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది, అందుకే భయం వేసింది నాకు. పిల్లల పలకలు సర్దుతూ నేను అక్కడే ఉన్నాను.

అయ్య వంగి చూశాడు. "నీ మీటరు పాడైనాది బావా."

మావ దిగి గోడ ప్లగ్గులో పెట్టి చూపించాడు. రెండొందల ఇరవై. "పాడైతే ఇక్కడ సరిగ్గా ఎలా సెప్తాది? ఒక ఫేజు మనది. రెండోది ఎక్కడిది?" అని కిటికీలోంచి పోర్టు గోడ వంక చూశాడు. హాలు గోడకీ పోర్టు గోడకీ మధ్య మనిషి దూరేంత సందు. ఆ గోడ పొడుగునా లావుపాటి తీగలు. మావ చూపు వెనకే అందరి చూపులూ అటు వెళ్ళాయి. పోర్టులో వైర్‌మన్ పోర్టు కరెంటే దొంగిలించాడంటే ఉద్యోగం ఊడినట్టే, క్వార్టరు ఖాళీ చేయాల్సిందే, ఆపైన పోలీసులు. అందరూ ఆ మాటే అనుకున్నారు, పైకి ఎవరూ అనలేదు.

ఆదివారం పెద్దలు కూర్చున్నారు. మావాళ్ళలో ఒక ఆచారం ఉండేది. ఎవరి మీదైనా అనుమానం ఉంటే అది తేలేదాకా అతనికి చాప వేయరు, గుమ్మం ముందు సిమెంటు మెట్టు మీద కూర్చోవాలి. కొన్నేళ్ళుగా అందరి ఇళ్ళల్లోనూ వెలుతురు పెట్టిన మనిషి ఆ మెట్టు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు. అయ్య వైపు మాట్లాడినవాడు ఒక్కడూ లేడు. "వచ్చే ఆదివారానికి నువ్వే నిజం ఒప్పీసుకో, తీగ తీసీసుకుందాం. లేదా పోర్టు ఆఫీసులో మేమే సెప్పాల. రేపు ఇనస్పెక్టరొచ్చి సూస్తే అందరం లోపలికెల్తాం" అన్నాడు మావ. నేను లేచి, ఇది కాలేజీలో చూశాను, చోకూ కండెన్సరూ ఒకే వరసలో ఉంటే ఇలాగే చూపిస్తుంది అన్నాను. మావ నా వంక జాలిగా చూసి, పేరు పెట్టి పిలిచాడు. "వరం, నీ అయ్య గదమ్మా. నువ్వు అలాగే సెప్పాల మరి."

ఆ వారం వీధి కొళాయి దగ్గర అమ్మ బిందెకి వంతు వచ్చేది కాదు. నాయనమ్మ చేపల్ని తూచడం మానేసింది. ఏ చేప తెచ్చినా వాసన చూడకుండానే పులుసు పెట్టేసేది, అది నాకు అన్నిటికన్నా వింతగా తోచింది. అయ్య రోజూ డ్యూటీ దిగగానే ఆ సందులోకి దూరి, చెయ్యి చాపినంత మేర గోడనీ తీగల్నీ తడుముకుని వచ్చేవాడు. "ఏటి ఎతుకుతన్నావు అయ్యా?" అంటే, "సెమ్మ దిగి మన తీగకీ ఆల్ల తీగకీ కలిసిపోనాదేమోనని" అనేవాడు. లోకమంతా అనుమానించినా సహించవచ్చు గాని ఆయన తన చేతుల్ని తానే అనుమానిస్తుంటే చూడలేకపోయాను. ఒక పూట అమ్మ అన్నం పెడుతూ పెడుతూ, గరిటె ఆపి, "ఒక్క మాట అడుగుతాను, కోప్పడకు. ఆ తీగ ముట్టలేదు గదా?" అంది. అయ్య చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. "లేదు" అన్నాడు. ఇంకో రెండు ముద్దలు తిని లేచాడు.

ఆ సాయంత్రం అయ్యని కూర్చోబెట్టి నాకు తెలిసినంత చెప్పాను. ఓడ తాడుని రెండు ముఠాలు చెరో పక్కనా పట్టి లాగుతుంటే, మధ్యలో ముడి కాస్తే కదులుతుంది. ముడి కదలిక చూసినవాడు ఎవరూ గట్టిగా లాగడం లేదనుకుంటాడు. తాడు పట్టుకున్నవాడికి తెలుస్తుంది బలం ఎంతో. చోకు ఒక ముఠా, కండెన్సరు ఒక ముఠా. గోడ ప్లగ్గులో కనబడేది ముడి, మావ మీటరు పెట్టింది తాడు మీద. అయ్య శ్రద్ధగా విన్నాడు. "తాడుకి బలం మనుసులిస్తారు. దీనికెవులిస్తన్నారు?" అన్నాడు. ఒకసారి తీసుకున్నదాన్నే అవి రెండూ మార్చుకుంటున్నాయని చెప్పాను. "నువ్వు సదువుకున్నావు, నిజమే అయ్యుంటాది" అన్నాడు. నమ్మలేదని ఆ గొంతే చెప్పింది. నాకు సార్ మాట గుర్తొచ్చింది. మళ్ళీ కొలవాలి, వేరే చోట కొలవాలి.

ఆదివారం దాకా ఆగకుండా శనివారమే మావ ఇంటికి వెళ్ళాం. హాల్లో పెట్టె విప్పించి, ట్యూబులకి అమ్మ పాత చీర చుట్టి, పట్టుకెళ్ళాం. మీ ఇల్లు, మీ ప్లగ్గు, మీ మీటరు, పోర్టు గోడ ఇక్కడికి దూరం, కొలవండి అన్నాను. మావ కొలిచాడు. ప్లగ్గులో రెండొందల ఇరవై, కండెన్సరు మీద మూడొందల యాభై పైన. నా గుండె తేలికపడింది. మావ ముఖం మాత్రం నల్లబడిపోయింది. పైకప్పు కేసీ గోడల కేసీ చూసి, ఒక్కసారిగా అయ్య మీదికి తిరిగాడు. "ఈ ఇంటి వైరింగు నువ్వే గదరా సేసినావు! నా ఇంట్లో కూడా పెట్టీసినావేటిరా దొంగ తీగ!" చుట్టూ మూగినవాళ్ళు నవ్వబోయి, తమ ఇళ్ళకి వైరింగు చేసిందెవరో గుర్తొచ్చి నోళ్ళు మూసుకున్నారు. ఇద్దరు ముగ్గురు అప్పుడే ఇంటికి పరిగెత్తారు చూసుకోవడానికి. అయ్య చేతులు రెండూ పక్కకి వేలాడిపోయాయి.

అయ్య చెయ్యి పడని వైరింగు మా చుట్టుపక్కల ఎక్కడుంది? వెతగ్గా వెతగ్గా ఒకటే తేలింది, రోడ్డు మీది పార్టీ ఆఫీసు. ఎర్రజెండా సర్కారు కొత్తగా వచ్చిన కాలం, అక్కడి కరెంటుని అనుమానించే ధైర్యం మావకి కూడా లేదు. అయ్యా మావా చెరో కొసా పట్టుకుని పెట్టెని మోసుకుంటూ ముందు, స్టార్టర్లు సంచిలో వేసుకుని నేను వెనక, మా వెనక సగం లైను. ఆఫీసు చూసుకునే బిమల్‌దా టీ గ్లాసు దించి, "కీ బ్యాపార్, శామీదా?" అన్నాడు, ఏమిటి సంగతని. అయ్యని బెంగాలీవాళ్ళు శామీదా అనే పిలిచేవారు. మీ కరెంటు ఒకసారి కొలుచుకుంటాం అని మావ అనగానే బిమల్‌దా కళ్ళు చిన్నవైపోయాయి. "కే పాఠియేఛే?" అన్నాడు, ఎవరు పంపారు మిమ్మల్ని అని. మేం వేరే యూనియన్ వాళ్ళ మనుషులం కాదని నమ్మించడానికి అరగంట పట్టింది. తీరా తీగలు తగిలించి, ట్యూబులు వెలిగి, మావ పుల్లలు పైకెత్తేసరికి లోడ్‌షెడ్డింగు. రోడ్డంతా చీకటైపోయింది.

"సమయానికి కరెంటు తీసీయించినావేటి?" అని మావ గొంతు వినబడింది. పుల్లలతో తడుముతున్నట్టున్నాడు, "బావా, దాన్ని ముట్టుకోకు, కరెంటు పోనా అది కాసేపు కరుస్తాది" అన్నాడు అయ్య. "కరెంటు లేకపోనా కరుస్తాదా? మరి ఇందులో ఏటి దాసినావురా!" అన్నాడు మావ. చీకట్లో ఎవరో కిసుక్కుమన్నారు. బిమల్‌దా కొవ్వొత్తి తెచ్చి బల్ల మీద అంటించాడు. అయ్య అన్నాడు, నెమ్మదిగా, అందరికీ వినబడేట్టు: "బావా, ఇక్కడ ముల్లు తక్కువ సూపిస్తే నువ్వు ఆఫీసుకి ఎల్లక్కర్లేదు. నానే ఎల్లి సెప్పీస్తాను. తీగ నాను ముట్టలేదు. మరి నా సేతులు ఏటి సేసినాయో నాకే తెలీకుండా పోనాది." నేను దేవుడికి దణ్ణం పెట్టుకునే మనిషిని కాదు గాని ఆ చీకట్లో చుట్టకీ కండెన్సరుకీ దణ్ణం పెట్టుకున్నాను.

కరెంటు వచ్చింది. ట్యూబులు రెపరెపలాడి నిలబడ్డాయి. సాయంత్రప్పూట కలకత్తా కరెంటు నీరసంగానే ఉండేది, ప్లగ్గులో రెండొందలు కూడా లేవు. మావ పుల్లలు కండెన్సరు మీద పెట్టాడు. ముల్లు మూడొందలు దాటి నిలిచింది. తీసి మళ్ళీ పెట్టాడు. పుల్లలు అటుదిటు మార్చి పెట్టాడు. కొవ్వొత్తి దగ్గరికి తెచ్చి చూశాడు, లైటు వెలుగుతున్నా సరే. బిమల్‌దా కూడా వంగి చూసి, ప్లగ్గు లెక్కా ఈ లెక్కా మనసులో కూడుకున్నట్టున్నాడు, గబుక్కున లేచి తలుపు దగ్గరికేసి, "బాయిరే బోల్బేన్ నా" అన్నాడు, బయట ఎక్కడా చెప్పకండి అని. అందరూ నవ్వేశారు. అయ్య ఒక్కడే నవ్వలేదు, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు హాల్లో మావ అందరి ముందూ, "అప్పలసామి తప్పేటీ లేదు. పెట్టిలోనే ఏదో మాయ ఉన్నాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది, మాయ ఏమిటి, అది లెక్క! లేచి మళ్ళీ తాడు ముడి కథంతా చెప్పాను. మావ ఆసాంతం విని, "ఔను గాని, ఆ ఎక్కువైన కరెంటుకి బిల్లెవుడు కడతాడమ్మా వరం?" అన్నాడు. అయ్యకి చాప వేశారు. ఆయన వచ్చి చాప అంచున కూర్చున్నాడు. ఆ జంట లైటు తరవాత కూడా చాలాకాలం హాల్లో వెలిగింది, దాని కింద మావ మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు.

ఆ సర్కారు పోయి చాలా కాలమైంది. నేను ఆడపిల్లల బళ్ళో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యాను. ఏటా ఆ పాఠం దగ్గరికొచ్చేసరికి, మీటర్లు తప్పు చూపిస్తున్నాయి మిస్ అని ఒక పిల్లయినా లేచేది, నేను ఆ పిల్లని మెచ్చుకునేదాన్ని. ఇప్పుడు అనుమానానికి ఇంటింటికీ తిరగక్కర్లేదు, గోడకి ఒక కన్ను అతికిస్తే అదే చూసిపెడుతుంది. మెట్టు మీద కూర్చోబెట్టేవాళ్ళు లేరు, చాప వేసేవాళ్ళూ లేరు. ఒక విధంగా ఇదే నయమనిపిస్తుంది. మరుక్షణమే, ఆ కెమెరాలో తీసింది చూసేవాడెవడు, వాణ్ణి చూసేవాడెవడు అని నా బుద్ధి నాకు వచ్చేస్తుంది. మావని బలవంతాన ద్వేషించాలని చూశాను గాని కుదరలేదు. ఆయనకి తెలిసినంతలో ఆయన కొలిచాడు, తప్పు ముల్లుది కాదు, ఆయనదీ పూర్తిగా కాదు. అయితే పోయినదేదో పోయింది, అది మాత్రం నిజం.

అంతకుముందు లైన్లో జనం తాళంచెవులు అయ్య చేతిలో పెట్టి పనుల్లోకి వెళ్ళిపోయేవారు, ఆయన ఒక్కడే వాళ్ళింట్లో పని ముగించి తాళం వేసి వచ్చేవాడు. ఆ తరవాత కూడా పిలిచారు, ఆయన వెళ్ళాడు కూడా. కాని తాళంచెవి పుచ్చుకోలేదు. ఇంటివాళ్ళు ఎదురుగా నిలబడితేనే తీగ ముట్టేవాడు, ప్రతి ముడీ వాళ్ళకి చూపించేవాడు. పరాయివాళ్ళ దగ్గర ఆ జాగ్రత్త నాకు అర్థమైంది. ఒక సాయంత్రం మా వంటింట్లో బల్బు మాడిపోయింది. అయ్య స్టూలు వేసుకుని ఎక్కి, చెయ్యి పైకెత్తి, ఆగిపోయాడు. "ఇటు రా" అని అమ్మని పిలిచాడు. చేతులకి పిండితోనే వచ్చింది అమ్మ. "నానేటి సూస్తాను, నాకేటి తెల్సు?"

"ఏటీ తెలీనక్కర్లేదు. నిలబడి సూడు."

అమ్మ నిలబడింది. ఆయన మాడిన బల్బు తీసి ఆమెకి చూపించాడు, కొత్తది పెట్టాడు. "సూసినావు గదా" అన్నాడు. "సూసినాను" అంది అమ్మ, తల ఎత్తకుండా. ఆ తరవాత ఆయన పోయేదాకా, మా ఇంట్లో అయ్య స్టూలు జరిపిన చప్పుడైతే చాలు, అమ్మ పొయ్యి మీద ఏది ఉన్నా దించేసి వచ్చి పక్కన నిలబడేది, ఆయన పిలవకముందే.